భుజం ఆపరేషన్‌కి బీచ్ చైరా, లాటరలా? భంగిమ, పరికరాల ఎంపికలో చూడాల్సినవి

భుజం ఆపరేషన్లు కొత్తగా మొదలుపెట్టే ఆసుపత్రి వాళ్లు ముందు అడిగేది ఆపరేషన్‌లో చేతిని పట్టి ఉంచే ఆర్మ్ హోల్డర్ గురించే. ఏ కంపెనీది బాగుంటుంది, ఎంతకు వస్తుంది, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందా అని. దానికి జవాబు చెప్పేముందు రెండు సంగతులు తేలాలి. మీ దగ్గరికి వచ్చే భుజాలు ఎలాంటివి? ఆపరేషన్ నడుస్తున్నంతసేపూ రోగి తల ఎంత ఎత్తులో ఉంటుంది, బీపీ ఎక్కడ కొలుస్తున్నారు? ఈ రెండూ తేలితే ఏ భంగిమ అన్నది తేలుతుంది. భంగిమ తేలితే ఏం కొనాలో సగం తేలిపోయినట్టే.

కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఆర్థోపెడిక్ సర్జన్లు, ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్లు, చిన్న ఊళ్లలో నర్సింగ్ హోమ్ నడిపేవాళ్లు మనసులో ఉండగా ఇది రాస్తున్నాను. ఆపరేషన్‌కి సిద్ధమవుతున్న రోగి ఇంటివాళ్లు చదివినా ఇబ్బంది లేకుండా ఉండాలని ప్రయత్నించాను.

రెండు భంగిమలు, క్లుప్తంగా

బీచ్ చైర్ అంటే రోగిని పడక కుర్చీలో కూర్చోబెట్టినట్టు ఉంచడం. వీపు భాగాన్ని 45 నుంచి 70 డిగ్రీల దాకా లేపుతారు. తుంటి దగ్గర, మోకాళ్ల దగ్గర కాస్త వంపు ఇస్తారు. తలని హెడ్‌రెస్ట్‌లో పెట్టి పట్టీలతో కడతారు. ఆపరేషన్ చేసే వైపు వీపు ప్యానెల్ తీసేస్తే భుజం ముందు నుంచీ వెనక నుంచీ అందుతుంది. ఆర్థ్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి చేసే ఆపరేషన్‌లో, ఇది 1980లలో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు దాదాపు అందరూ లాటరల్‌లోనే చేసేవారు.

లాటరల్‌లో రోగి బాగున్న భుజం కిందికి వచ్చేలా పక్కకు పడుకుంటాడు. ఒంటిని 20, 30 డిగ్రీలు వెనక్కి వాలుస్తారు. అప్పుడు భుజం గిన్నె, అంటే గ్లీనాయిడ్, నేలకి సమాంతరంగా వస్తుంది. పై చేతిని ట్రాక్షన్‌తో, అంటే బరువుతో లాగి, వేలాడదీస్తారు.

లాటరల్‌లో జాయింట్ దానంతట అదే తెరుచుకుంటుంది, బరువే అసిస్టెంట్ పని చేస్తుంది. బీచ్ చైర్‌లో శరీరం నిలబడ్డ మనిషి శరీరంలాగే కనబడుతుంది. అందుకని నేర్చుకునేవాళ్లకి తికమక తక్కువ, చేతిని కావలసిన వైపు తిప్పుకోవచ్చు, అవసరమైతే ఓపెన్ ఆపరేషన్‌కి వెంటనే మారిపోవచ్చు. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. నా దృష్టిలో అసలు తేడా మెదడుకి అందే రక్తం దగ్గర ఉంది. అక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

తల పైన ఉన్నప్పుడు బీపీ లెక్క

గుండె కంటే తల ఎత్తులో ఉంటే, ప్రతి సెంటీమీటర్ ఎత్తుకి బీపీ సుమారు 0.77 పాయింట్లు (మి.మీ. మెర్క్యురీ) పడిపోతుంది. మత్తులో లేని మనిషి కూర్చున్నా లేచినా శరీరం రక్తనాళాలను బిగించి ఈ లోటు సర్దుకుంటుంది. జనరల్ అనస్తీషియాలో ఆ సర్దుబాటు మందగిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. బీచ్ చైర్‌లో ఉన్న రోగికి జబ్బకి కట్టిన కఫ్‌లో సగటు బీపీ 70 చూపిస్తోంది. చెవి రంధ్రం ఎత్తుని మెదడు అడుగు భాగం ఎత్తుగా తీసుకుంటాం. అది కఫ్ కంటే 25 సెంటీమీటర్లు పైన ఉంటే 19 పాయింట్లు తగ్గించాలి. మెదడు దగ్గర ఉన్నది 51 మాత్రమే. ఇప్పుడు అదే కఫ్‌ని పిక్కకి కట్టారనుకోండి. ఒక చెయ్యి ఆపరేషన్‌లో ఉంది, రెండో చేతికి సెలైన్ ఎక్కుతోంది, కాబట్టి కాలికి కట్టేద్దాం అని చాలాచోట్ల అనుకుంటారు. పిక్కకీ చెవికీ మధ్య 70 సెంటీమీటర్లు ఉంటే తేడా 54 పాయింట్లు. మానిటర్ మీద సగటు బీపీ 90 అని చక్కగా కనబడుతుంటే మెదడు దగ్గర 36 ఉంటుంది. గదిలో ఎవరికీ టెన్షన్ ఉండదు, అలారం మోగదు.

బీచ్ చైర్‌లో కాలికి కఫ్ కట్టకూడదు. ఈ ఒక్క మాట ఓటీ గోడ మీద రాసి పెట్టుకున్నా తప్పు లేదు. బాగున్న చేతికే కట్టాలి, చెవికీ కఫ్‌కీ మధ్య ఎత్తుని టేపుతో కొలవాలి, కొలిచిన లెక్కని తీసేసి చూడాలి. ధమనిలో గొట్టం పెట్టి నేరుగా బీపీ చూసే ఆర్టీరియల్ లైన్ పెడితే, దాని ప్రెషర్ కొలిచే ట్రాన్స్‌డ్యూసర్‌ని చెవి ఎత్తులో బిగించాలి. టేపు ధర ఎంతో మనకు తెలుసు. భుజం ఆపరేషన్‌కి కావలసిన పరికరాల్లో దానికంటే విలువైనది నాకు కనబడలేదు.

ఇది పుస్తకంలో మాత్రమే ఉండే భయం అనుకోవద్దు. కూర్చున్న భంగిమలో భుజం ఆపరేషన్ అయ్యాక మెదడుకో వెన్నుపాముకో రక్తం చాలక దెబ్బతిన్న నలుగురు రోగుల వివరాలను 2005లో అమెరికా డాక్టర్లు ప్రచురించారు. 2010లో వచ్చిన మరో అధ్యయనంలో 124 మందిని చూశారు. జనరల్ అనస్తీషియాతో బీచ్ చైర్‌లో చేసినవాళ్లలో 80 శాతం మందికి కనీసం ఒక్కసారి మెదడు ఆక్సిజన్ స్థాయి బాగా పడిపోయింది. లాటరల్‌లో చేసినవాళ్లలో ఒక్కరికీ పడలేదు. అలా పడిపోయిన ప్రతివాళ్లకీ హాని జరుగుతుందని దీని అర్థం కాదు. చాలామంది మామూలుగానే లేచి ఇంటికి వెళతారు, స్ట్రోక్ రావడం చాలా అరుదు. కానీ అరుదుగా వచ్చే ఆ నష్టం జీవితాంతం ఉంటుంది. భుజం నొప్పి తగ్గించుకోడానికి వచ్చిన మనిషికి అది జరగకూడదు.

మన దగ్గర దీనికి ఇంకో కోణం ఉంది. బీపీ కోసం టెల్మిసార్టాన్ వాడేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ కోవ మాత్రలు ఆపరేషన్ రోజు ఉదయం వేసుకుని వస్తే మత్తులో బీపీ బాగా పడిపోతుంది, మామూలు మందులకి త్వరగా లేవదు. ముందు రోజే మత్తు డాక్టరు చూసి, ఏ మాత్ర ఆపాలో ఏది వేసుకోవాలో కాగితం మీద రాసివ్వాలి. ఇంటివాళ్లు కూడా మాత్రల పేర్లు చెప్పడం కంటే స్ట్రిప్పులే చేతిలో పట్టుకెళ్లడం మంచిది.

ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ (భుజం మొద్దుబారేలా మెడ దగ్గర నరాలకిచ్చే ఇంజెక్షన్) ఇచ్చి కూర్చోబెట్టినప్పుడు ఉన్నట్టుండి నాడి నెమ్మదించి బీపీ కూలిపోవడం కూడా తెలిసిన విషయమే. అందుకే రోగిని ఒక్కసారిగా లేపకూడదు. కొంచెం లేపి, బీపీ చూసి, మళ్లీ కొంచెం లేపాలి. బీపీ పెంచే మెఫెంటర్‌మిన్ లేదా ఫినైలెఫ్రిన్, నాడి వేగం పెంచే అట్రోపిన్ సిరంజిల్లో నింపి చేతికందేలా ఉండాలి. ఇవి ముందే సిద్ధంగా లేని ఓటీలో నేను బీచ్ చైర్‌కి ఒప్పుకోను.

సర్జన్లకి ఒక విన్నపం. స్కోప్‌లో రక్తం అడ్డొస్తే 'బీపీ తగ్గించండి' అనడం అలవాటు. బీచ్ చైర్‌లో ఆ మాట అనేముందు మిగతావన్నీ చూడండి. జాయింట్‌లోకి పంపే మూడు లీటర్ల సెలైన్ బ్యాగ్‌లో ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్ కలపొచ్చు, గుండె జబ్బు ఉంటే మత్తు డాక్టరుని అడిగి. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇవ్వొచ్చు. పంప్ ప్రెషర్ కాసేపు పెంచొచ్చు, నీళ్లు కారిపోతున్న పోర్టల్‌ని (స్కోప్ కోసం పెట్టిన రంధ్రాన్ని) వేలితో మూయొచ్చు. వీటితోనే చాలాసార్లు చూపు తేటపడుతుంది.

లాటరల్‌కి ఉన్న ఇబ్బందులు

లాటరల్‌లో తలా గుండే దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి పైన చెప్పిన గొడవ చాలావరకు లేదు. దాని ప్రమాదం నరాల దగ్గర. వేలాడదీసిన చేతిని ఎక్కువ బరువుతో, ఎక్కువసేపు లాగితే బ్రాకియల్ ప్లెక్సస్, అంటే మెడ నుంచి చేతికి వెళ్లే నరాల గుంపు, సాగుతుంది. పాత నివేదికల్లో కొంతమందికి చెయ్యి తిమ్మిరెక్కడం కనబడింది. చాలావరకు కొన్ని రోజుల్లో, వారాల్లో తగ్గిపోయేదే. బరువు నాలుగున్నర నుంచి ఏడు కిలోల లోపు ఉంచాలి. లోపల ఖాళీ చాలడం లేదని ఇంకో రెండు కిలోలు తగిలించే బదులు చెయ్యి కోణం మార్చి చూడండి. బ్యాంకార్ట్‌లో (జారే భుజంలో గిన్నె అంచు దగ్గర చిరుగుని కుట్టే ఆపరేషన్‌లో) ఐతే జబ్బ పై భాగానికి రెండో పట్టీ వేసి పక్కకి లాగితే కొద్ది బరువుతోనే జాయింట్ బాగా తెరుచుకుంటుంది.

కింద పడ్డ వైపుని మరిచిపోవడం ఇంకో పొరపాటు. ఛాతీ కింద, చంక కంటే కాస్త దిగువన రోల్ పెట్టాలి. దాన్ని చంకలోకే దూర్చేస్తే ఏ నరాలను కాపాడాలనుకున్నామో వాటినే నొక్కేస్తుంది. పల్స్ ఆక్సిమీటర్‌ని కింది చేతి వేలికి తగిలిస్తే అక్కడ రక్తం ఆడుతోందో లేదో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. కింది కాలికి మోకాలి బయటి వైపు, ఫిబ్యులా తల దగ్గర మెత్త ఉండాలి. లేదంటే భుజం బాగుపడినా పాదం వాలిపోయే ప్రమాదం ఉంది.

బ్లాక్ మీద మాత్రమే, మెలకువగా ఉంచి చేద్దామంటే లాటరల్ చాలామందికి భరించడం కష్టం. మత్తు పూర్తిగా ఇచ్చాక పక్కకి తిప్పాలంటే నలుగురైదుగురు మనుషులు కావాలి. రాత్రి డ్యూటీలో ఇద్దరే ఉండే చోట ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఏ ఆపరేషన్‌కి ఏది

భుజం మాటిమాటికీ జారిపోయే కుర్రవాళ్లు, కబడ్డీ ఆడేవాళ్లు, బైక్ మీద నుంచి పడ్డవాళ్లు మనకి ఎక్కువ. వాళ్లకి చేసే ఆర్థ్రోస్కోపిక్ బ్యాంకార్ట్‌కి నా ఓటు లాటరల్‌కే. కింది యాంకర్ని (దారాన్ని ఎముకకి పట్టించే చిన్న మేకుని) గ్లీనాయిడ్ అట్టడుగున సరైన చోట పెట్టడం మీద ఫలితం చాలా ఆధారపడుతుంది, ఆ మూల లాటరల్‌లో బాగా అందుతుంది. 2014లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో, మళ్లీ జారడం బీచ్ చైర్‌లో చేసినవాళ్లలో సుమారు 14.6 శాతం, లాటరల్‌లో 8.5 శాతం అని తేలింది. రెండు భంగిమల్నీ నేరుగా పోటీకి పెట్టిన ప్రయోగం కాదు ఇది. సర్జన్లు వేరు, రోగులు వేరు. కాబట్టి అంకెల్నే పట్టుకుని వేలాడక్కర్లేదు. బీచ్ చైర్‌లో చెయ్యి తిరిగిన సర్జన్‌ని ఈ లెక్క చూపించి మార్చమని నేను అడగను. కొత్తగా నేర్చుకునేవాళ్లకి మాత్రం లాటరల్ చెబుతాను.

రొటేటర్ కఫ్ (భుజాన్ని తిప్పే కండరాల పట్టీ) రిపేర్ రెండింట్లోనూ బాగానే అవుతుంది. బీచ్ చైర్‌లో చేతిని తిప్పుతూ చిరుగు ఒక్కో భాగాన్ని కెమెరా ముందుకి తెచ్చుకోవచ్చు. లాటరల్‌లో కాటరీ (కరెంటుతో రక్తం ఆపే పరికరం) బుడగలు పక్కకి పోతాయి కాబట్టి సబ్‌అక్రోమియల్ చోటు, అంటే భుజం పై ఎముక కింది ఖాళీ, తేటగా ఉంటుంది. బీచ్ చైర్‌లో అవి అక్కడే పేరుకుని అడ్డొస్తాయి. అలవాటు ఉన్నదాన్ని బట్టి ఎంచుకోండి.

జబ్బ ఎముక పై భాగం విరిగితే వేసే ప్లేట్లు, భుజం రీప్లేస్‌మెంట్, లటార్జే (జారే భుజానికి ఎముక ముక్క అమర్చడం) వంటి ఓపెన్ ఆపరేషన్లకి చర్చ అక్కర్లేదు, బీచ్ చైరే. ముందు వైపు నుంచి డెల్టోపెక్టోరల్ దారి (భుజం, ఛాతీ కండరాల మధ్య సందు) సూటిగా దొరుకుతుంది. రీప్లేస్‌మెంట్‌లో చేతిని టేబుల్ పక్క నుంచి కిందికి వాల్చి, బయటి వైపుకి తిప్పితే తప్ప ఎముక తల బయటికి రాదు. ప్లేట్లకి 30, 40 డిగ్రీలు లేపితే చాలు. ఆ మేరకు బీపీ భయం కూడా తగ్గుతుంది.

ఏ రోగికి ఏది

గతంలో స్ట్రోక్ వచ్చినవాళ్లు, మెడ రక్తనాళాల్లో పూడికలు ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు అయితే, ఆపరేషన్ రెండు విధాలా కుదిరే పక్షంలో లాటరల్‌కి వెళ్లండి. లావుగా ఉండి గురక, స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకి కూర్చున్న భంగిమలో ఊపిరి తేలికగా ఆడుతుంది. అయితే బీచ్ చైర్‌లో మెదడు ఆక్సిజన్ తగ్గే అవకాశం లావుగా ఉన్నవాళ్లలోనే ఎక్కువ, అందుకని వాళ్ల విషయంలో మత్తు డాక్టరు మాటే చివరి మాట కావాలి. ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లకి మామూలు మోతాదు ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ ఇస్తే దాదాపు ప్రతిసారీ ఆ వైపు డయాఫ్రమ్ (ఊపిరి ఆడించే కండరం) కొన్ని గంటలపాటు పనిచేయకుండా పోతుంది. భంగిమ ఏదైనా ఈ సంగతి ముందే ఆలోచించాలి.

మెడ అరుగుదల ఉన్నవాళ్లని మత్తు ఇవ్వకముందే మెడ అటూఇటూ తిప్పమని అడిగి, ఎంతవరకు నొప్పి లేకుండా తిరుగుతుందో చూసుకోండి. మత్తులో ఆ హద్దు దాటకూడదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

బీచ్ చైర్ తీసుకుంటే మొదటి ఖర్చు తలని పట్టుకునే భాగం మీద. ఆర్మ్ హోల్డర్ తర్వాత సంగతి. హెడ్‌రెస్ట్ ఎత్తు, కోణం రెండూ మారేలా ఉండాలి, బిగించాక జారకూడదు. నుదురు, గడ్డం పట్టీలు చెవుల మీద, చెవి వెనక నొక్కకూడదు, అక్కడి నరాలు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. అసిస్టెంట్ చేతిని గట్టిగా లాగిన ప్రతిసారీ తల కదిలే అవకాశం ఉంది. పైన బట్టలు కప్పేసి ఉంటాయి కాబట్టి ఎవరికీ కనబడదు. మత్తు డాక్టరు మధ్యమధ్యలో చెయ్యి పెట్టి చూడాల్సిందే. ముక్కు, ఛాతీ మధ్య ఎముక ఒకే గీతలో ఉన్నాయా అన్నది తేలికైన గుర్తు.

రోగి పిరుదులు సరిగ్గా టేబుల్ వంగే చోట ఉండాలి. పైకి ఉంటే అరగంటలో మనిషి కిందికి జారతాడు, తల మాత్రం పట్టీలకి వేలాడుతుంది. మోకాళ్ల కింద దిండు, పాదాల దగ్గర బోర్డు పెడితే ఇది చాలావరకు ఆగుతుంది.

అటాచ్‌మెంట్ కొనేటప్పుడు చాలామంది చూడనిది మీ టేబుల్ పక్క రైలు కొలత. యూరప్ తరహా రైలు 25 మి.మీ. ఎత్తు, 10 మి.మీ. మందం. అమెరికన్ రైలు సుమారు 28.6, 9.5. క్లాంప్ ఒకదాని కోసం చేస్తే రెండోదానికి బిగుసుకోదు, లేదా బిగిసినట్టుండి వదులవుతుంది. ఆర్డర్ ఇచ్చేముందు వెర్నియర్‌తో కొలిచి, ఆ కొలత కొటేషన్‌లో రాయించుకోండి. వీపు ప్యానెల్‌లో లోహపు కడ్డీ సరిగ్గా భుజం వెనకే ఉంటే సీ-ఆర్మ్‌లో (ఆపరేషన్ మధ్యలో వాడే ఎక్స్-రే యంత్రంలో) ప్లేటు కనబడదు. అటాచ్‌మెంట్ ఎంత బరువు మోస్తుందో కూడా అడగండి, టేబుల్ మోసే బరువు దానికి వర్తించదు.

ఆర్మ్ హోల్డర్ల సంగతి. స్మిత్ అండ్ నెఫ్యూ వాళ్ల స్పైడర్ లాంటివి గాలి ప్రెషర్‌తో పనిచేస్తాయి. పెడల్ తొక్కితే వదులవుతాయి, వదిలేస్తే ఆ చోటే గట్టిగా నిలబడతాయి. ఒక మనిషి చెయ్యి ఖాళీ అవుతుంది, రెండు గంటల రీప్లేస్‌మెంట్‌లో అది నిజంగా పెద్ద సాయం. కానీ దానికి ఓటీలో గాలి లైను లేదా సిలిండర్ కావాలి. ప్రతి కేసుకీ ఒక స్టెరైల్ స్లీవ్ కావాలి. ఆ స్లీవ్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ముందే తేల్చుకోండి. చివరికి అది రోగి బిల్లులోకే వస్తుంది. నెలకి రెండు మూడు భుజాలు చేసే చోట మెత్త వేసిన మేయో స్టాండ్ (పరికరాల ట్రే పెట్టే ఎత్తు మార్చగల బల్ల), ఓపికగల అసిస్టెంట్ సరిపోతారు. ఆ డబ్బుతో మెదడు ఆక్సిజన్ చూపే మానిటర్ కొనగలిగితే నేను అదే కొనమంటాను.

లాటరల్‌కి ఖర్చు తక్కువ. తుంటి మార్పిడి చేసే ఆసుపత్రిలో ముందూ వెనకా పట్టుకునే సపోర్టులు ఎలాగూ ఉంటాయి, అవే సరిపోతాయి. గాలి పీల్చేస్తే గట్టిపడే బీన్ బ్యాగ్ ఒంటికి ఇంకా బాగా అమరుతుంది. కానీ సూది గుచ్చుకుందంటే లోపలికి గాలి దూరి ఆపరేషన్ మధ్యలో మెత్తబడిపోతుంది. అందుకని సపోర్టులు కూడా పక్కనే ఉంచుకోవాలి. ట్రాక్షన్ టవర్ లేకపోతే గట్టి స్టాండ్, కప్పీ, తూచిన బరువులు వాడొచ్చు. తూచినవే ఉండాలి. అందాజాగా కట్టిన ఇసుక సంచీ ఎంత లాగుతోందో ఎవరూ చెప్పలేరు. చేతికి చుట్టే పట్టీ మణికట్టు దగ్గర బిగుసుకోకుండా మోచేతి కింద దాకా పరుచుకోవాలి.

రెండిట్లో ఒకటే పెట్టుకోగలిగితే? వచ్చే భుజాల్లో సగానికి మించి ఫ్రాక్చర్లు, రీప్లేస్‌మెంట్లు అయితే బీచ్ చైర్ పెట్టుకుని బీపీ క్రమశిక్షణ నేర్చుకోండి. ఎక్కువగా ఆర్థ్రోస్కోపీ అయితే, అందులోనూ జారే భుజాలు అయితే, లాటరల్‌తో మొదలుపెట్టి, అరుదుగా వచ్చే ప్లేట్లకి ఉన్న టేబుల్ వీపునే 30 డిగ్రీలు లేపి చేసుకోండి. రెండూ కొద్దికొద్దిగా చేసే టీమ్ కంటే ఒక్కదాన్ని ప్రతిసారీ ఒకేలా చేసే టీమ్ దగ్గర రోగి క్షేమంగా ఉంటాడు.

కొనేముందు కంపెనీ వాళ్లని డెమోకి పిలవండి, కానీ వాళ్ల షోరూమ్‌కి మీరు వెళ్లొద్దు. మీ ఓటీలో, మీ టేబుల్ మీద పెట్టించండి. స్టాఫ్‌లో బరువైన మనిషి ఒకరిని మెలకువగానే అందులో కూర్చోబెట్టి, పట్టీలు కట్టి, సీ-ఆర్మ్ తల వైపు నుంచి లోపలికి వస్తుందో లేదో తోసి చూడండి. ఎక్స్-రే మాత్రం మనిషి దిగాక ఖాళీ ప్యానెల్ మీద తీయండి, కడ్డీ నీడ ఎక్కడ పడుతుందో తెలిసిపోతుంది. ఇరవై నిమిషాలు కూర్చున్నాక ఎక్కడ నొక్కుతోందో ఆ మనిషినే అడగండి. మత్తులో ఉన్న రోగి ఆ మాట చెప్పలేడు.